కాటమయ్య తొడగని చెప్పులు

ఇన్‌స్పెక్టర్ సునీత తన అత్తగారి మీద కేసు పెట్టదలిస్తే జమ్మలమడుగు స్టేషన్లో ఉన్న తెల్లకాగితాలు చాలవు. ప్రొద్దుటూరు ఇంట్లో, ఫ్యాను కింద సోఫాలో కూర్చుని, పెంచలమ్మ ఈ లోకంలోని మనుషులందరికీ తీర్పులు చెప్పి పారేస్తుంది. సీరియల్ మొదలైందో లేదో, "వీడే దొంగ, కనుబొమ్మలు కలిసినాయి చూడు" అంటుంది. పాలాయన మంచోడు, ఎందుకంటే తల నున్నగా దువ్వుకుంటాడు. కరెంటు బిల్లు పిల్లోడు చెడ్డోడు, చెవికి పోగు ఉంది గనక. ఆ పోగు పిల్లోడే ఒకనాడు కండ్లు తిరిగి వాకిట్లో పడిన ఆమెను బండి మీద కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి చేర్చాడు. తర్వాత కూడా తీర్పు మారలేదు. "చెడ్డోడే. బండి మాత్రం మెల్లగా తోల్తాడు" అని చిన్న సవరణ వెలువడింది.

ఆ పొద్దున స్టేషన్‌కు ఫోను చేసి ఆమె అడిగిన మొదటి మాట, "గడ్డమోడే కదా కొట్టింది?"

"విచారణలో ఉండాది అత్తా. ఫోన్ పెట్టు" అని సునీత కసిరింది. కోపం ఎందుకొచ్చిందంటే, తను కూడా అదే అనుకుంటోంది. పదిహేనేండ్ల సర్వీసున్న ఆఫీసరూ, సీరియల్ చూసే అత్తా ఒకే చోటికి చేరడం ఏ కోడలికైనా అవమానమే.

జరిగింది ఇది. ముద్దనూరు పక్కన గుండ్లమిట్ట అనే పల్లెలో, పీర్ల పండగ తొమ్మిదో నాడు, ఇంకా వెలుగు రాని మొబ్బులో, ముజావరు షంషుద్దీన్ తల ఎవరో పగలగొట్టారు. పీర్లకు చదివింపులు చేసి, ఏడాది పొడుగునా వాటిని పెట్టెలో కాపాడే మనిషి ఆయన. పీర్లను నిలబెట్టే చావిడి వెనక బోర్లా పడి ఉన్న ఆయన్ను, సోలార్ కంపెనీ తరఫున భూములు చూడ్డానికి వచ్చే గోపి అనే కుర్రాడు తన కారులో ప్రొద్దుటూరు ఆసుపత్రికి చేర్చాడు. షంషుద్దీన్‌కు ఇంకా తెలివి రాలేదు.

సునీత ముందు నిలబడ్డవాడు షంషుద్దీన్ మేనల్లుడు కలీం. కువైట్‌లో ఏసీలు బాగుచేసి, ఈ మధ్యే ఇంటికొచ్చాడు. గుండెల దాకా గడ్డం, చీలమండలకు పైన ప్యాంటు. పీర్లను మొక్కడం మన దీన్‌లో, మతంలో లేదని మొన్న శుక్రవారం చావిడి వాకిట్లోనే మామతో గట్టిగా వాదించాడని ఊరంతా చెప్పింది. ముద్దనూరు బస్టాండులో అతని చొక్కా పట్టుకుని లాగింది సునీతే. టీ అంగడి ముందర జనం చూస్తుండగా, "మామను చంపబోయి యాడికి రా పోతాండావు?" అని అరిచింది కూడా ఆమే. బస్సు ఎక్కుతున్నవాణ్ణి కాదు, దిగుతున్నవాణ్ణి పట్టుకున్నానన్న సంగతి ఆ ఊపులో ఆమెకు పట్టలేదు.

"రాత్రి యాడుంటివి?"

"ప్రొద్దుటూర్లో."

"ప్రొద్దుటూర్లో యాడ? ఎవురితో?"

"చెప్పను మేడం."

"ఇదేంది?" బల్ల మీద ఆకుపచ్చ తువాలు విప్పింది. అందులో వెండి చెయ్యి. అయిదు వేళ్లు చాచిన అరచెయ్యి, కింద మణికట్టు. అతని సంచిలో దొరికింది.

"పెద్ద పీరు చెయ్యి."

"పెద్ద పీరు తొమ్మిదో నాటి మాపుటేల గాని పెట్టెలోంచి బయటికి రాదంట కదా. తాళం మీ మామ నడుముకుంటాది. ఇది నీ సంచిలోకి నడుచుకుంటూ వచ్చిందా?"

"మామూకు తెలివి రానీండి. ఆయన చెప్తాడు."

"రాకపోతే?"

"అప్పుడు గూడా నేను చెప్పను."

సునీత చెయ్యి లేచింది. చెంప మీద దెబ్బ గది గోడలకు తగిలినట్టు మోగింది. "పీర్లు తప్పంటావు, పీరు వెండి మాత్రం కావాల్నా నీకు? దొంగతనం చేస్తాంటే ముసలాయన చూసినాడు. తల మీద ఒకటేసి ప్రొద్దుటూరుకు పరిగెత్తినావు. అమ్మేదానికి అంగళ్లు తెరవలేదు, తిరిగొచ్చి నాటకాలాడతాండావు."

కలీం చెంప తడుముకోలేదు. "పొద్దున్నుంచి మీరు నా గడ్డం దిక్కే చూస్తాండారు మేడం. నా మొగం ఇంకా రవ్వంత పైనుంటాది."

ఆమె ఇంకోసారి చెయ్యెత్తేదే. పక్క గదిలోంచి అరుపు వినబడింది.

"తొడగరా! తొడుగుతావా లేదా?"

పక్క గదిలో ఇన్‌స్పెక్టర్ హరినాథ్ ఉన్నాడు. గోదావరి జిల్లా మనిషి, పులివెందులలో పని. పండగ రోజుల్లో మతాల గొడవ అవుతుందేమోనని పైవాళ్లు అతన్ని స్పెషల్ టీముతో పంపారు. గొడవ లేకపోతే స్పెషల్ టీము ఎందుకని, హరినాథ్ వచ్చీ రాగానే గొడవను వెతకడం మొదలుపెట్టాడు.

అతని ఎదురుగా అరవై దాటిన గొర్రెల కాపరి కాటమయ్య. మాసిన పంచె, నెరిసిన గడ్డపు మొలకలు, చిట్లిన పెదవి. నేల మీద ఒక జత కిర్రు చెప్పులు. మందపాటి తోలు, అడుగున ఇనప మొలలు, బొటనవేలు దూర్చడానికి తోలు ఉంగరం, అడుగేస్తే కిర్రుమని అర ఫర్లాంగు దూరం వినబడేవి. చావిడి వెనక కంపచెట్లలో దొరికాయి. అంచున నెత్తురు మరక.

"తొడగను సార్" అన్నాడు కాటమయ్య.

"చూశారా మేడం?" హరినాథ్ ఆమె వైపు తిరిగాడు. "మట్టిలో ఈ చెప్పుల గుర్తులే. చెప్పులు నీవేనా అంటే నావే అన్నాడు. తొడిగి నాలుగడుగులు వెయ్యమంటే వెయ్యడు. గుర్తులతో పోల్చేస్తామని భయం."

"ఎందుకు తొడగవు మామా?" అంది సునీత.

"పీరు ఎత్తేవాణ్ణి తల్లీ. పీర్లు నీళ్లకు, జలధికి పోయేదాకా తొడగగూడదు."

హరినాథ్ నవ్వాడు. "నుదుటి మీద బొట్టుంది. పేరు కాటమయ్య. పీరెత్తుతాడట. అబద్ధం చెప్పినా నమ్మేలా ఉండాలయ్యా."

"ఈ పక్క పల్లెల్లో ఎత్తుతారు సార్" అంది సునీత. "బొట్టును చూసి చెప్పేది కాదు అది."

"మీ పక్క పల్లెల్లో ఏం చేస్తారో రాష్ట్రమంతా తెలుసు మేడం. కొడవలి తియ్యనిదే ఇక్కడ మాట తెమలదు."

సునీతకు చెవులు వేడెక్కాయి. ఈ మాట ఆమెకు కొత్త కాదు. ట్రైనింగులో విన్నది, పెళ్లిళ్లలో విన్నది, విజయవాడ రైల్లో పైబెర్తు మనిషి నోటా విన్నది. "నేను పుట్టింది ఈ జిల్లాలోనే సార్. మా ఇంట్లో కత్తిపీట తప్ప ఇంకో కత్తి లేదు. దాన్ని గూడా మా అత్త నా చేతికియ్యదు. కొట్టినోడు పక్క గదిలో ఉండాడు. ఈయన్ను వదిలేయండి."

"ఎవరు, మీ కువైట్ బాబా? వాడు మొబ్బులో ఊళ్లో ఉన్నట్టు చూసినవాళ్లెవరు? కాటమయ్యను చూసినవాడున్నాడు. గోపి స్టేట్‌మెంటు ఇచ్చాడు. గొర్రెలు చావిడి వాకిలి తొక్కాయని నిన్న ముజావరు తిట్టాడనీ, తెల్లవారుజామున ఇతను చావిడి వెనకనుంచి పోతుండగా చూశాననీ." హరినాథ్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "మూడు గంటలకు మేజిస్ట్రేటు ముందు పెడుతున్నాను. రెండు వైపులా కుర్రాళ్లను కొందరిని లోపలేస్తున్నాను. నిప్పుల గుండం రద్దు, పీర్ల ఊరేగింపు రద్దు."

కాటమయ్య అప్పుడు తలెత్తాడు. దెబ్బలకు ఎత్తని తల. "నన్ను ఉరెయ్యండి సార్. పీరును ఆపొద్దు. మా తాతల నాటి నుంచి ఒక్క ఏడు గూడా ఆగలేదు."

వరండాలో గోపి ఉన్నాడు. తెల్ల చొక్కా, మెరిసే బూట్లు. కానిస్టేబుళ్లందరికీ ఇడ్లీ పొట్లాలు పంచుతున్నాడు. సునీతను చూసి, "కాళ్లకు మొక్కుతా మేడం, పొద్దున్నుంచి మీరేం తిన్లేదు" అని వంగాడు. ఈ కాలపు పిల్లల మొక్కు అది, మోకాళ్ల దగ్గరే ఆగిపోతుంది. అయినా ముద్దొచ్చింది. అత్తకు కూతురుంటే ఈ పాటికి అల్లుణ్ణి చేసుకునేది అనుకుంటూ సునీత జీపెక్కింది. తువాల్లోని వెండి చెయ్యిని వెంట తీసుకుంది. షంషుద్దీన్ భార్యకు చూపించి, దొంగసొత్తని రూఢి చేసుకుంటే మూడు గంటల్లోపు కాటమయ్యను విడిపించవచ్చు. ఆమె లెక్క అదీ.

*

గుండ్లమిట్ట చావిడి వెనక మట్టి మెత్తగా ఉంది. గుండం తవ్వి, నీళ్లు చల్లి, అణిచిన చోటు. చెప్పుల గుర్తులు చుట్టూ ముగ్గుతో గీసి ఉన్నాయి. సునీత గొంతుకూర్చుని చూసింది. అడుగుకూ అడుగుకూ మధ్య మట్టిలో సన్నటి గీతలు. మడమ ఈడ్చుకుంటూ పోయినట్టు. నాయన చెప్పుల్లో కాళ్లు పెట్టి పిల్లోడు ఇల్లంతా తిరిగితే బండల మీద పడే గీతలు ఇట్లాగే ఉంటాయి. హరినాథ్ గుర్తులకు ఫోటోలు తీయించాడు. గీతలకు తీయించలేదు.

చావిడి మెట్టు మీద బిస్మిల్లా బీ కూర్చుని ఉంది. షంషుద్దీన్ భార్య. ఏడ్చిన కండ్లు కావవి, మండుతున్న కండ్లు.

"నేను ఆసుపత్రికి పోతానంటే పోనీరు. ఈడ ఇల్లు కదలొద్దంట. ఏం మిగిలిందని అడగొచ్చినావు నువ్వు?"

"కాటమయ్యను మూడు గంటలకు జైలుకు పంపుతాండారు బీబమ్మా."

"పంపనీ. ఆయన మొగం నేను చూడను."

సునీత ఉలిక్కిపడింది. "ఆయనే కొట్టినాడంటావా?"

"కొట్టేదేంది! పిచ్చిదానివా? కాటమన్న నా మొగుణ్ణి కొడతాడా? వాళ్లిద్దరూ ఒక కంచంలో తిన్నోళ్లు."

"మరి కోపం దేనికి?"

"చెప్పులు తొడిగినాడే!" బిస్మిల్లా బీ అరచేత్తో మెట్టును కొట్టింది. "నెల పొడిచిన నాడు విప్పినాడు. పీరు ఎత్తేవాడు ముండ్లయినా నిప్పులైనా వట్టికాళ్లతో పోవాల. వాళ్ల తాత పోయినాడు, వాళ్ల నాయన పోయినాడు. గొర్రెల ఎనక ఈ పదినాళ్లూ కంపల్లో తిరిగి, మాపుటేల నా కాడికొచ్చి పిన్నీసు అడుగుతాడు, ముండ్లు తీసుకోవాలని. అంత చేసి, తొమ్మిదో నాడు, పీరు లేసే నాడు, చెప్పులు తొడుక్కోని చావిడి ఎనక తిరుగుతాడా? మొబ్బులో నేను ఈ చెవులతో విన్నా. కిర్రు కిర్రుమని పోయినాయి. ఆ చెప్పుల చప్పుడు నాకు తెలీదా? దాని వల్లనే మాకు ఈ కీడు జరిగింది."

సునీత లేచి నిలబడింది. "ఇదంతా హరినాథ్ సారుకు చెప్పినావా?"

"ఏం చెప్పనిచ్చినాడు? 'చెప్పుల చప్పుడు విన్నావా' అన్నాడు, విన్నానంటి. 'కాటమయ్యవేనా' అన్నాడు, అవునంటి. పొమ్మన్నాడు."

పదినాళ్లుగా కాటమయ్య వట్టికాళ్లతో తిరుగుతున్న సంగతి గుండ్లమిట్టలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు. అందరికీ తెలిసిన సంగతి గనకే ఎవరూ పోలీసులకు చెప్పలేదు. చెప్పినవాడు కాటమయ్య ఒక్కడే. అతని బొట్టును చూసి నవ్వి, పెదవి చిట్లగొట్టారు. చెంపదెబ్బలకు తొడగనివాడు మొబ్బులో ఊరికే తొడుగుతాడా?

ఎవరో ఆ చెప్పులు తొడిగారు, కాటమయ్య మీదికి పోవాలని. అంటే ఆ చెప్పులు కాటమయ్యవని వాడికి తెలుసు. కాటమయ్య వాటిని విప్పేశాడని తెలీదు. గుండ్లమిట్టలో పుట్టిపెరిగిన ఎవరూ ఆ పొరపాటు చెయ్యరు.

కలీం కూడా గుండ్లమిట్టలోనే పుట్టిపెరిగాడు.

ఆ ఆలోచన సునీతకు నచ్చలేదు. వెండి చెయ్యి సంచిలో దొరికింది కదా, వాడి లెక్క వేరే అని దాన్ని పక్కకు నెట్టింది.

"విప్పినంక ఆ చెప్పులు యాడ పెడతాడు?"

"దొడ్డి గుడిసెలో, గుంజకు తగిలిస్తాడు."

"ఆ గుడిసెలోకి బయటోళ్లు ఎవురు పోతారు?"

"గొర్రెల కంపుకు ఎవురు పోతారమ్మా? ఆ గోపి పిల్లోడు తప్ప. మిట్ట పొలం కంపెనీకి రాసీమని కాటమన్న చుట్టూ, చావిడి నేల రాసీమని మా ఇంటాయన చుట్టూ తిరుగుతాండాడు పాపం. ఆయన రాస్తే నేను రాస్తానని ఈయన, ఈయన రాస్తే నేను రాస్తానని ఆయన, ఇద్దరూ కలిసి పిల్లోణ్ణి ఆడిస్తాండారు." ఇంత కోపంలోనూ ఆమె పెదవి ఒక మూల వంగింది. "శానా మర్యాదస్తుడు, మొన్న గూడా కాటమన్నకు కాళ్లకు మొక్కినాడంట. గుంజకున్న చెప్పులు చూసి, ఎంత బాగుండాయి మామా అని ఫోన్లో ఫోటో తీసుకున్నాడంట."

తువాల్లోని వెండి చెయ్యిని చూపించే పని మరిచి, జీపు దగ్గర నిలబడి సునీత ఫోను చేసింది. "హరినాథ్ సార్, గుండ్లమిట్టకు రండి. మీ సాక్షిని గూడా తీసుకొని రండి. మొబ్బులో ఏం చూసినాడో ఈడ నిలబడి చూపియ్యాల. కాటమయ్యను గూడా తీసుకొని రండి. అట్నుంచి అటే కోర్టుకు పోవచ్చు."

*

వాళ్లొచ్చేసరికి చావిడి ముందు ఊరు ఊరంతా పోగైంది. తప్పెట్లు మోగాల్సిన పూట అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. జీపు వెనక సీట్లో కాటమయ్య తల వంచుకుని ఉన్నాడు. గోపి కారు దిగి నేరుగా బిస్మిల్లా బీ దగ్గరికి పోయాడు.

"కాళ్లకు మొక్కుతా బీబమ్మా. మామకు ఏం కాదు, ధైర్యంగా ఉండు." వంగాడు. మోకాళ్ల దాకా.

"గోపీ," అంది సునీత, "మొబ్బులో యాడ నిలబడి చూసినావు?"

"ఈడనే మేడం. ఎండ ముదరక ముందే కొలతలు తీసుకోవాలని వచ్చినా. కాటమయ్య మామ చావిడి ఎనకనుంచి దొడ్డి దిక్కు పోతాండాడు."

"చీకటి కదా. ఆయనే అని ఎట్ల గుర్తు పట్టినావు?"

"నడక మేడం. ఆ కిర్రు చెప్పులు వేసుకొని నడిచేది ఈ ఊర్లో ఆయనొక్కడే కదా."

బిస్మిల్లా బీ మెల్లగా లేచింది. "ఏ చెప్పులు నాయనా?"

"అవే బీబమ్మా. మామ ఎప్పుడూ వేసుకునేవి."

"మొన్న గూడా కాటమయ్య మామకు మొక్కినావంట కదా" అంది సునీత. "అప్పుడు కాళ్లకు ఏముండె?"

"చెప్పులే మేడం. ఇంకేముంటాయి?"

"మట్టి ఉండె. ముండ్లు గుచ్చుకున్న గాయాలుండె. పదినాళ్లుగా ఆయన కాళ్లకు అవి తప్ప ఇంకేం లేవు. నువ్వు మోకాళ్ల కాడే ఆగిపోయినావు, కింద ఏముందో చూడలే."

హరినాథ్ ముందుకొచ్చాడు. మొహం కందిపోయింది. "ఏంటండీ ఇది? చీకట్లో పొరపాటు పడి ఉండొచ్చు. పొరపాటు పడ్డ సాక్షి నేరస్తుడైపోతాడా?"

"కాడు సార్. బూట్లు విప్పమనండి."

"ఎందుకు?"

"నా కాలికి అలవాటైన తోలుచెప్పు మీరేసుకుంటే కరుస్తుంది సార్. అందులో దానికి బొటనవేలి ఉంగరం. వేలు బిగబట్టి ఈడ్చుకుంటూ నడిస్తే ఇంకా కరుస్తుంది."

"నేను విప్పను" అన్నాడు గోపి. ఆ గొంతులో మర్యాద లేదు.

హరినాథ్ అతని వైపు చూశాడు. పొద్దున కాటమయ్య అన్న మాటే, "తొడగను" బదులు "విప్పను". చెడ్డవాడైనా పోలీసు పోలీసే. ఆ తేడా అతనికి వినబడినట్టుంది. "విప్పు" అన్నాడు.

ఇద్దరు కానిస్టేబుళ్లు పట్టుకుంటే గానీ బూటు రాలేదు. మేజోడు బొటనవేలి దగ్గర నెత్తురుతో అంటుకుపోయి ఉంది. వేలి చుట్టూ ఉంగరం తొడిగినట్టు తోలు లేచిపోయి, ఎర్రగా.

"బూటు కరిచింది!" అని అరిచాడు గోపి.

"బూటు ఇట్ల గుండ్రంగా కరవదు."

గోపి చుట్టూ చూశాడు. దారి లేదు. ఉన్నట్టుండి అతని నోట్లోంచి ఇన్నాళ్లు దాచిన విసుగంతా ఊడిపడింది. "ఎంతకాలం తిరగాలి నేను? ఈ గొర్రెల కంపులో, ఈ ముసలోళ్ల చుట్టూ! ఆయన్నడుగు అంటాడు ఒకడు, ఆయన్నడుగు అంటాడు ఇంకొకడు. అంతా చుట్టూ తిప్పేదే. ఇద్దరికీ చెడితే చాలనుకున్నా. ఒకడు బొట్టోడు, ఒకడు సాయిబు, చెడేదానికి ఎంతసేపు పడుతుందిలే అనుకున్నా. చావాలని కొట్టలేదు. నేనే కదా ఆసుపత్రికి తీసుకుపోయింది!"

బిస్మిల్లా బీ అతని చెంప పగలగొట్టింది. ఎవరూ అడ్డుకోలేదు. తర్వాత జీపు దగ్గరికి పోయి, కాటమయ్య కాళ్ల వైపు చూసి, చిట్లిన పెదవి వైపు చూసి, "దిగన్నా. నీళ్లు తోడిపెడతా, స్నానం చెయ్యి. పొద్దు పోతాండాది" అంది.

హరినాథ్ సంకెళ్లు కాటమయ్య చేతులనుంచి తీయించి గోపికి వేయించాడు. సునీతకు లోపల ఎంత కోపముందో అంత తృప్తిగానూ ఉంది. చాలా రోజులుగా చెప్పాలనుకున్న మాటలు నోటిదాకా వచ్చాయి.

"ఇకనైనా మనిషిని చూసే ముందు, బొట్టూ జిల్లా చూసి లెక్క కట్టేది మానుకోండి సార్."

"సరే మేడం" అన్నాడు హరినాథ్ నిదానంగా. "మరి మీ లాకప్‌లో ఉన్న గడ్డం సంగతేంటి?"

"వాడు వెండి దొంగ. అది వేరే."

ఫోను మోగింది. ఆసుపత్రిలో కాపలా ఉన్న కానిస్టేబుల్ మున్నీ.

"మేడం, షంషుద్దీన్ చాచా కండ్లు తెరిచినాడు. ప్రాణానికి భయం లేదంట. కొట్టినోణ్ణి చూళ్లేదంట. పక్కన ఎవురైనా ఉండారా మీకు?"

సునీత పక్కకు నడిచింది. "చెప్పు."

"నిన్న పెద్ద పీరును తుడుస్తాంటే మణికట్టు కాడ విరిగిందంట. ఊరికి తెలిస్తే కీడంటారు, బీబమ్మ గుండె ఆగిపోతాదని, ఎవురికీ చెప్పనని ఒట్టేయించుకొని కలీంకు ఇచ్చి పంపినాడంట. ప్రొద్దుటూర్లో రాత్రంతా కూర్చోని అతికించుకొని పొద్దున్నే తెమ్మని. 'పిల్లోడు తెచ్చినాడా, పీరు చెయ్యి అతికిందా' అని అదే అడుగుతాండాడు మేడం. మీకు తప్ప ఎవురికీ చెప్పొద్దని నాకూ ఒట్టేసినాడు."

జీపులోంచి తువాలు తీసి, జనానికి వీపు పెట్టి, సునీత విప్పింది. మణికట్టు చుట్టూ వెంట్రుకంత సన్నటి అతుకు, ఇంకా మెరుగు తగ్గని కొత్త వెండి. పొద్దున్నుంచి తన బల్ల మీదే ఉంది. అమ్ముకునేవాడు అతికించడు. ఆ మాట తెలియడానికి పదిహేనేండ్ల సర్వీసు అక్కర్లేదు, కండ్లుంటే చాలు. ఆమె చెయ్యి మీద, పొద్దున కొట్టిన అరచేతిలో, చురచుర మళ్లీ లేచినట్టనిపించింది.

*

కలీంను జీపులో రప్పించేసరికి పొద్దు వాలుతోంది. దిగగానే అతను అడిగింది ఒకటే. "మామూ?"

"తెలివొచ్చింది. బాగుండాడు. అంతా చెప్పినాడు."

అతను కండ్లు మూసుకుని ఊపిరి వదిలాడు. చెంప మీద ఆమె వేళ్లు ఇంకా ఉన్నాయి. "ఎవురెవురికి తెలుసు?"

"నాకు, మున్నీకి."

"మామీకి?"

"లేదు."

"అట్లనే ఉండనీండి మేడం."

"నీకు వీటి మీద నమ్మకం లేదు కదా?" తువాలు అతని చేతికిస్తూ అడిగింది.

"లేదు. ఎప్పటికీ ఉండదు గూడా." దాన్ని గుండెలకు ఆనించుకుని పట్టుకున్నాడు, పసిబిడ్డను పట్టుకున్నట్టు. "మామూకు ఉండాది. ఆయన ఇల్లది."

చావిడి వెనక తలుపులోంచి పోయి, మున్నీ పంపిన తాళంతో దాన్ని పెట్టెలో పెట్టి, ఉత్త చేతులతో ముందు తలుపులోంచి వచ్చాడు. అప్పటికే కాటమయ్య స్నానం చేసి, తడిబట్టతో, వట్టికాళ్లతో చావిడి వాకిట్లో నిలబడి ఉన్నాడు. గుండంలో కట్టెలు అంటించారు. తప్పెట్లు ఒకటి రెండు మోగి ఆగాయి, ఎందుకంటే జనం కలీం వైపు చూస్తున్నారు.

"గోపి కదా కొట్టింది" అని ఎవరో గొణిగారు. "మరి వీడు రాత్రికి రాత్రి సంచి ఎత్తుకొని యాడికి పోయినట్టు?"

ముద్దనూరు టీ అంగడాయన కూడా వచ్చి ఉన్నాడు. "ఊరికే చొక్కా పట్టుకుంటారా పోలీసోళ్లు? ఏదో ఉంటాది. మేడం పొద్దున ఎట్ల అరిచింది, మేము చూళ్లే?"

కలీం నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఒక్క మాట చెబితే అతని పేరు తేటపడిపోతుంది. ఆ మాట చెబితే ఇరవై అడుగుల దూరంలో నిలబడ్డ బిస్మిల్లా బీకి పీరు విరిగిందని తెలుస్తుంది. అతను చెప్పడని సునీతకు ఇప్పుడు తెలుసు. ఎన్ని దెబ్బలు కొట్టినా చెప్పడని పొద్దుననే తెలిసి ఉండాల్సింది.

జీపుకు ఆనుకుని హరినాథ్ ఆమెనే చూస్తున్నాడు.

సునీత చావిడి మొదటి మెట్టెక్కింది. "ఒక్క నిమిషం వినండప్పా" అంది. గొంతు పొద్దున బస్టాండులో అరిచినంత గట్టిగా రావాలని ప్రయత్నించింది. "పొద్దున ముద్దనూర్లో ఈ పిల్లోణ్ణి మామను చంపబోయినాడని అరిచింది నేనే. స్టేషన్లో దొంగ అని కొట్టింది నేనే. ఇతను కొట్టలేదు. ఏమీ దొంగిలించలేదు."

"మరి రాత్రి యాడికి పోయినాడు మేడమ్మా?" అన్నాడు టీ అంగడాయన.

"అది నేను చెప్పను."

"చెప్పకపోతే ఎట్ల నమ్మాల?"

"చెప్పనన్నాడని ఇతన్ని కొట్టినా. ఇప్పుడు నేనూ చెప్పను, నన్నేమన్నా అనుకోండి." ఆమె కలీం వైపు తిరిగింది. గడ్డానికి రవ్వంత పైన, అతని కండ్లలోకి చూసింది. "తప్పు నాది."